సాంబశివరావు నాలుగో కటిల్

పెడనలో అద్దకం గుడ్డలకి రంగు ఉడకబెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎరుపు దగ్గరకొచ్చేసరికి మాత్రం అందరూ చెప్పే పేరు సాంబశివరావుదే. వయసు యాభై ఆరు. అద్దకం ఆయన పని కాదు, అచ్చులు చెక్కడమూ కాదు. అద్దిన గుడ్డ ఆయన షెడ్డుకి వస్తుంది. పటిక అద్దిన చోట అప్పటికి కంటికేమీ కనిపించదు. దాన్ని రంగు మరిగే గంగాళంలో వేసి కర్రతో తిప్పుతుంటే, గంట దాటాక ఎర్రటి పువ్వులు ఒక్కొక్కటే లోపల్నుంచి పైకొస్తాయి. ఎప్పుడు తియ్యాలో ఆయన గడియారం చూడడు, ఆవిరి వాసన చూస్తాడు.

ఆ షెడ్డులో ఒకటే కట్టడి. లోపల ఇనుము కనపడకూడదు. ఇనుము తగిలితే ఎరుపు నల్లబడిపోతుంది. అందుకే గంగాళాలు రాగివి, చెంబులు రాగివి. బకెట్టుకి ఇనప కాడ ఉంటే దానికి గుడ్డ చుడితే గానీ గుమ్మం దాటనివ్వడు. వారానికోసారి చింతపండు వేసి గంగాళాలు తోమించి, లోపల తన మొహం కనపడుతుందో లేదో వంగి చూసుకుంటాడు. ముప్పై ఏళ్ళలో రాగి ఆయన్ని ఒక్కసారి కూడా మోసం చెయ్యలేదు.

అలాంటి మనిషికి కటిల్ ఫిష్ పిచ్చి పట్టుకుంది.

కార్తీకం వెళ్ళిన మొదటి ఆదివారం, నెల రోజుల తర్వాత నీచు తినబోతున్న హుషారులో బందరు వెళ్ళాడు. గిలకలదిండి హార్బరులో ఆయన ఎప్పుడు కొన్నా నాంచారయ్య దగ్గరే కొంటాడు. నాంచారయ్యకి సొంత ఫైబర్ బోటు ఉంది. నోరు పెద్దది, తూకం మాత్రం సరిగ్గా ఉంటుంది. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేకపోయినా ఇరవై ఏళ్ళుగా బావా అంటే బావా అనుకుంటారు.

ఆ రోజు నాంచారయ్య టబ్బులో ఒక కటిల్ ఇంకా బతికుంది. అరచేయంత ఉంటుంది, నోటి చుట్టూ మెత్తటి చేతులు. హార్బరులో కటిల్ అంటే ఐసులో తెల్లగా, మెత్తగా పడుండే సరుకు. ఎగుమతి కంపెనీలవాళ్ళు పట్టుకుపోతారు. దాని లోపలి తెల్ల పెంకుని ఆయుర్వేదం కొట్లలో సముద్రపు నురుగని అమ్ముతారు. సాంబశివరావుకీ అంతవరకే తెలుసు. బతికున్నదాన్ని చూడ్డం అదే మొదలు. టబ్బు మీద చెయ్యి పెట్టగానే, ఆ నీడకి దాని వీపంతా గోధుమరంగు చారలు లేచాయి. చెయ్యి తీస్తే పోయాయి. మళ్ళీ పెట్టాడు. ఈసారి చారల మధ్య ఎరుపు, అచ్చం తన ఎరుపు, చివర్లు కాస్త ముదిరి ఉన్నాయి. కరక్కాయ లేదు, పటిక లేదు, పొయ్యి లేదు. తను పొగలో గంటలకొద్దీ నిలబడి రప్పించే రంగుని ఆ ప్రాణి రెప్పపాటులో తెచ్చుకుని, అక్కర్లేదని తీసేస్తోంది.

దీన్ని ఇంటికి తీసుకెళ్ళి పెంచుకుంటానన్నాడు. నాంచారయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అందరూ దీంతో కూరొండుకుంటారు బావా. నువ్వు కాపరం పెడతానంటున్నావేంటి?"

అది సాయంత్రం లోపే చచ్చిపోయింది. కానీ ఆయన బుర్రలోంచి మాత్రం కదల్లేదు.

కూతురు యశస్విని బంటుమిల్లిలో ఆక్వా ల్యాబులో చేస్తుంది. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసి, ఏం తగ్గింది, ఏం పెరిగిందని రైతులకి చెప్పడం ఆ అమ్మాయి ఉద్యోగం. తండ్రి అడగ్గానే ఫోన్లో వెతికి అన్నీ చదివి వినిపించింది. నాలుగడుగుల తొట్టె ఉండాలి, ఉప్పునీళ్ళు నిలకడగా ఉండాలి, తిండి బతికున్న రొయ్య అయ్యుండాలి, ఒకదాంట్లో ఒకటే ఉంచాలి, భయపెడితే సిరా కక్కుతుంది. ఎంత బాగా చూసుకున్నా ఏడాది, మహా అయితే ఇంకాస్త, అంతకుమించి బతకదని కూడా చెప్పింది. ఏడాది చాలన్నాడు సాంబశివరావు.

గుడివాడలో అక్వేరియం షాపు నడిపే రాజకుమార్‌ని అడిగితే, అలాంటివి తను తెప్పించనని, దారిలోనే పోతాయని చెప్పేశాడు. సముద్రం పక్కనే పెట్టుకుని గుడివాడ రావడమేంటని ఆశ్చర్యపోయాడు కూడా. ఫిల్టరు ఇచ్చి ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాడు. తొట్టెలో సముద్రపు నీళ్ళు పోసి, ఒకటో రెండో చిన్న చేపలు వేసి, ఆరు వారాలు అలాగే నడపాలి. నీళ్ళు కుదురుకున్నాకే అసలుది తేవాలి. ముడి గుడ్డని కరక్కాయలో నానబెట్టకుండా అద్దకానికి ఎవరిస్తారు? సాంబశివరావుకి ఆ మాట వెంటనే నచ్చింది.

ఇక నీళ్ళు. సముద్రపు నీళ్ళు దేంట్లో తేవాలన్న ప్రశ్న ఆయనకి అసలు రాలేదు. ప్లాస్టిక్ డ్రమ్ములంటే ఆయనకి నమ్మకం లేదు, పురుగుమందు డబ్బాలు కడిగి మళ్ళీ అమ్ముతారని అనుమానం. షెడ్డులోవి రెండు మంచి గంగాళాలు తళతళలాడేలా తోమించి, ట్రాలీ ఆటోలో పెట్టి, పోటు మీద ఉన్నప్పుడు నింపుకొచ్చాడు. మట్టి దిగడానికి పైన పల్చటి గుడ్డ కట్టి రాత్రంతా ఉంచి, తెల్లారాక పైతేట మాత్రం తొట్టెలో పోశాడు. వారం వారం అదే పద్ధతి. ఆయనే కాదు, పెడనలో ఏ షెడ్డువాణ్ణడిగినా శుభ్రమైన నీళ్ళు శుభ్రమైన రాగిలోనే తెమ్మని చెప్పేవాడు. తొట్టెలో వేసిన రెండు చిన్న చేపలు హాయిగా తిరుగుతున్నాయి.

జనవరి నెలాఖరుకి నాంచారయ్య మొదటి కటిల్ ఇచ్చాడు. బతికున్నా చచ్చినా కాటా ఒకటేనంటూ తూకం వేసి మరీ ఇచ్చాడు. యశస్విని రొయ్యపిల్లల్ని పంపే ఆక్సిజన్ కవరు తెచ్చింది, అందులో కటిల్ దర్జాగా ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున్నకి తొట్టె మూలన తెల్లగా పాలిపోయి పడుంది. రెండోది పది రోజుల తర్వాత తెచ్చారు, మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంది. మూడోది మంచి బలమైంది. తొట్టెలో దిగిన నాలుగు గంటలకి గింగిరాలు తిరిగి, సిరా కక్కి, ఆ నల్లటి నీళ్ళలోనే పోయింది.

యశస్విని మూడుసార్లూ నీళ్ళు పరీక్ష చేసింది. ఉప్పు ముప్పై రెండు, అమ్మోనియా సున్నా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నీళ్ళలో తప్పు లేదంటే తప్పు సరుకులోనే ఉండాలి. సాంబశివరావుకి అంతకంటే వేరే లెక్క తోచలేదు. షెడ్డులో పనివాళ్ళందరూ వింటుండగానే నాంచారయ్యకి ఫోన్ చేశాడు. వలలో నలిగి సగం చచ్చినవాటిని తెలిసే అంటగడుతున్నావని, ఇరవై ఏళ్ళ నమ్మకాన్ని ఇలా అమ్ముకున్నావని, నోటికొచ్చిందల్లా అనేశాడు.

అవతలి మనిషి చివరిదాకా విన్నాడు. తర్వాత, "సరేనండీ సాంబశివరావు గారూ" అన్నాడు నాంచారయ్య. ఫోన్ పెట్టేశాడు.

బావ పోయి గారు వచ్చింది. సాంబశివరావు అది గమనించాడు గానీ, తప్పు చేసినవాడికి ఆమాత్రం రోషం ఉంటుందిలే అనుకున్నాడు.

ఫిబ్రవరి చివర తొట్టెలో ఉన్న రెండు చేపలకీ ఒంటి మీద తెల్లటి చుక్కలొచ్చాయి. మందు కోసం మళ్ళీ గుడివాడ వెళ్ళాడు. రాజకుమార్ నీలంరంగు సీసా ఒకటి తీసి, కవర్లో వెయ్యబోతూ ఆగాడు.

"తొట్టెలో ఆ కటిల్ ఉందాండీ ఇప్పుడు?"

లేదని, మళ్ళీ తెచ్చే ఆలోచన ఉందని చెప్పాడు సాంబశివరావు.

"అయితే ఇది పొయ్యకండి. ఇందులో రాగి ఉంటుంది. చేపలు తట్టుకుంటాయి. కటిల్‌కి మాత్రం చుక్క రాగి చాలండీ, పోతుంది."

"రాగా?"

"అవునండీ. రాగే."

సాంబశివరావు సీసా కౌంటర్ మీదే వదిలేసి బస్సెక్కాడు. పెడనలో దిగి ఇంటికి వెళ్ళకుండా షెడ్డుకి వెళ్ళాడు. నీళ్ళు తెచ్చిన గంగాళాల్ని వెలుతురులోకి లాగి వంగి చూశాడు. ఉప్పునీళ్ళు నిలిచిన మట్టం దాకా చుట్టూ పచ్చటి చిలుము గీత ఉంది. ఆ గీతని ఆయన ప్రతి వారం చూశాడు. చూసి విసుక్కుని, చింతపండు వేసి తోమించి, మళ్ళీ అందులోనే నీళ్ళు తెచ్చాడు. తోమితే ఆయనకి కనిపించిన చిలుము పోయింది. నీళ్ళలో కలిసింది కలిసిపోయింది.

యశస్వినికి చెబితే ఆ అమ్మాయి తల పట్టుకుంది. ల్యాబులో రాగికి పరీక్షే లేదంది. అయినా చెరువుల్లో నాచుకి రాగి మందు కొట్టే రైతులకి, రొయ్య జాగ్రత్తండీ అని రోజూ చెప్పేది తనేనని, పుట్టినప్పట్నుంచీ చూస్తున్న గంగాళం కాబట్టి దాని వైపు ఆలోచనే పోలేదని బాధపడింది. తల్లి కోటేశ్వరమ్మ మాత్రం ఎవరినీ ఓదార్చలేదు. హాల్లో గోడంతా ఆక్రమించిన తొట్టె వైపు చూపించి, ఇంకొకటి గనక అందులో చచ్చిందా, అందులో మట్టి పోసి మల్లె అంటు నాటేస్తానని చెప్పింది. కోటేశ్వరమ్మ అలాంటివి ఊరికే అనదు.

మొత్తం పారబోశారు. ఇసుక పారేశారు, రాగి దాన్ని పట్టుకునుంటుందని. ఫిల్టరు మార్చారు. అద్దాలు తుడిచి ఎండబెట్టి కొత్త ఇసుక పోశారు. యశస్విని ల్యాబు నుంచి తెల్ల డబ్బాలు తెచ్చింది, నీళ్ళు వాటిలో వచ్చాయి. ఎప్పుడూ ప్లాస్టిక్ ముట్టని మనిషి ఆ డబ్బాల్ని తనే భుజాన మోశాడు. ఆరు వారాల లెక్క మళ్ళీ మొదలైంది.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆ ఆరు వారాలు ఏప్రిల్ పదికి గానీ తీరవు. పద్నాలుగు అర్ధరాత్రి నుంచి రెండు నెలలు వేట బంద్, బోట్లన్నీ ఒడ్డుకి కట్టేస్తారు. అవి మళ్ళీ కదిలేసరికి వానలు, ఆ వెనకే కృష్ణ వరద. తీరం నీళ్ళు ఉప్పు తగ్గి ఎర్రగా తిరుగుతాయి, కటిల్ దరిదాపులకి రాదు. అంటే ఆ నాలుగు రోజుల్లో దొరకాలి, లేదంటే మళ్ళీ కార్తీకం. అప్పటిదాకా కోటేశ్వరమ్మ ఖాళీ తొట్టెని ఉంచుతుందన్న ఆశ ఆయనకి లేదు.

హార్బరులో ఇద్దరు ముగ్గుర్ని అడిగి చూశాడు. ఒక్క కటిల్‌ని బతికించి తేవాలంటే టబ్బుకి చోటివ్వాలి, దారి పొడుగునా నీళ్ళు మార్చాలి. సీజన్ చివర వేటలో ఎవడికుంది అంత తీరిక? నాంచారయ్యనే అడగమన్నారు.

పదో తారీఖు పొద్దున సాంబశివరావు గిలకలదిండి వెళ్ళాడు. వేలంపాట అయిపోవస్తోంది, జనం పల్చబడుతున్నారు. నాంచారయ్య బోటు పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు, చుట్టూ నలుగురైదుగురు కుర్చీలేసుకుని టీ తాగుతున్నారు. పక్కకి రమ్మని పిలుద్దామా అని సాంబశివరావు ఒక్క క్షణం అనుకున్నాడు. తిట్టింది పదిమందిలో, ఒప్పుకోవడం పక్కకి పిలిచా? అక్కడే నిలబడ్డాడు.

నాంచారయ్య తలెత్తకుండానే, "చేపలు కావాలంటే అటు పాటలో ఉన్నాయండీ, వెళ్ళండి" అన్నాడు.

"నువ్విచ్చిన మూడూ మంచివే నాంచారయ్యా. చంపింది నేను. నీళ్ళు నా రాగి గంగాళంలో తెచ్చా. దానికి రాగి విషమంట. నాకు తెలీక నిన్నన్నాను."

వల కుట్టే చెయ్యి ఆగింది. టీ తాగేవాళ్ళలో ఒకాయన, రాగి చెంబులో నీళ్ళు తాగమని మా డాక్టరే చెప్పాడే, చేపకి విషమేంటని నవ్వాడు. సాంబశివరావు చిలుము గీత గురించి, నీలం సీసా గురించి, నిలబడే మొత్తం చెప్పాడు. రంగు చెడిందని ఎవరన్నా అంటే గుడ్డదే తప్పని వాదించే మనిషి, తన గంగాళం తప్పని పరాయి ఊళ్ళో వివరించి చెబుతున్నాడు.

అంతా విని నాంచారయ్య దారం కొరికి తెంపాడు.

"నెలన్నర అయింది మీరు నన్నని. మా ఇంటిదాని దగ్గర కూడా చెప్పుకోలా. సగం చచ్చినవి అమ్మేవాణ్ణా నేను?"

"కాదు."

"ఇప్పుడు నీళ్ళు దేంట్లో తెస్తున్నారు?"

తెల్ల డబ్బాల్లోనని చెప్పాడు సాంబశివరావు. నాంచారయ్య మళ్ళీ వల మీదకి వంగాడు. ఇంకో వేట ఉందని, పడితే చూస్తానని, మాట మాత్రం ఇవ్వనని అన్నాడు. గారు అలాగే ఉంది.

పద్నాలుగున పొద్దున్న తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. ఆఖరి లాగుడులో పడిందట, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా ఉంటుందట. దారంతా నాంచారయ్యే ప్లాస్టిక్ చెంబుతో నీళ్ళు మారుస్తూ తెచ్చాడు. ఆటోలో తనూ ఎక్కాడు. ఈసారి చస్తే తన కళ్ళ ముందే చావాలని, మళ్ళీ ఇంకో మాట పడలేనని ముందే చెప్పేశాడు.

పెడనలో కవరుని తొట్టెలో తేల్చి, యశస్విని గంటసేపు కొంచెం కొంచెంగా తొట్టె నీళ్ళు కవర్లోకి కలిపింది. చివరికి దాన్ని వదలడానికి నాంచారయ్య చొక్కా చెయ్యి పైకి లాక్కుని తొట్టెలోకి వంగాడు. సాంబశివరావు ఒక్క గెంతులో వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. మోకాళ్ళ నొప్పులకని నాంచారయ్య మణికట్టుకి వేసుకున్న రాగి కడియం నీళ్ళకి బెత్తెడు దూరంలో ఉంది. నాంచారయ్య ఆ కడియాన్ని చూశాడు, సాంబశివరావు మొహం చూశాడు. ఇంక ఏ రుజువూ అడగలేదు. సబ్బు రాసి కడియం ఊడదీసుకుని, చెయ్యి రెండుసార్లు కడుక్కుని వచ్చాడు.

కటిల్ అడుక్కి దిగి, ఇసుక రంగులోకి మారి, అలాగే ఉండిపోయింది. మర్నాడు తెల్లారేసరికి ఉంది. మధ్యాహ్నానికీ ఉంది. నాంచారయ్య రోజూ ఏడింటికి ఫోన్ చేసి, ఉందా అని అడిగేవాడు. ఉందనేవాడు సాంబశివరావు. అంతే, పెట్టేసేవాడు.

ఉంది గానీ, తినడం లేదు. యశస్విని చెరువులోంచి వేలెడంత బతికున్న రొయ్యలు తెచ్చి వేసింది. అవి దాని ముందు నుంచే ఈదుకుంటూ పోయినా పట్టించుకోలేదు. హాల్లో వేడి పెరుగుతోందని టేబుల్ ఫ్యాను తొట్టె వైపు తిప్పారు. మనుషులకి చెమటలు, దానికి గాలి అని కోటేశ్వరమ్మ గొణిగింది, కానీ ఫ్యాను మళ్ళించలేదు. నాలుగో రోజుకి దాని వీపు పాలిపోవడం మొదలైంది. మొదటిది పోయే ముందు సరిగ్గా ఈ రంగులోకే వచ్చింది. సాంబశివరావు ఆ రోజు షెడ్డులో ఒక గుడ్డ తానుని మాడ్చేశాడు. ముప్పై ఏళ్ళలో అదే మొదలు.

ఐదో రోజు ఏడింటికి ఫోన్ రాలేదు. ఎనిమిదింటికి నాంచారయ్యే వచ్చాడు, చేతిలో మూత పెట్టిన ప్లాస్టిక్ డబ్బాతో. తినడం లేదని ముందురోజు యశస్విని చెప్పిందట. డబ్బాలో మడ చెట్ల దగ్గర పట్టిన పీత పిల్లలు, రూపాయి బిళ్ళంత ఉన్నాయి. పీత గిల్లితే గాయమవుతుందని, పుస్తకాల్లో రొయ్యే రాసుందని సాంబశివరావు అడ్డం చెప్పాడు. దాని కడుపు కోసి చూసినవాణ్ణి తను, పుస్తకం కాదన్నాడు నాంచారయ్య. తండ్రి కూతురి వైపు చూశాడు. పీతలు కూడా తింటాయనే ఉంది నాన్నా, వెయ్యనివ్వమంది యశస్విని.

ఒక పీతని వదిలారు. అది ఇసుక మీద పక్కకి పక్కకి నడుచుకుంటూ పోతోంది. కటిల్ వీపు మీద ఒక చార లేచింది. తర్వాత ఇంకొకటి. ముందున్న చేతుల్లో రెండు పైకెత్తి, కదలకుండా, పీత నడిచిన వైపే మెల్లగా తిరిగింది. ఒళ్ళంతా చారలు అలల్లా ముందుకి పరిగెత్తుతున్నాయి, వాటి మధ్య ఎరుపు. ఆ తర్వాత ఏం జరిగిందో కంటికి ఆనలేదు. పీత ఇసుక మీద లేదు, దాని చేతుల్లో ఉంది.

కోటేశ్వరమ్మ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చి నిలబడింది. నాంచారయ్య నేల మీద చతికిలబడి, అద్దానికి దగ్గరగా మొహం పెట్టి చూస్తున్నాడు. చిన్నప్పట్నుంచీ ఎన్ని వేలు పట్టాడో లెక్క లేదు. వల్లో కొట్టుకునేవి, టబ్బులో చచ్చేవి తప్ప, ఇది తింటుంటే చూడ్డం అతనికీ ఇదే మొదలు. అరగంటకి ఖాళీ డొల్లని అది నోట్లోంచి వదిలేసి, మళ్ళీ ఇసుక రంగులోకి వెళ్ళిపోయింది.

సాంబశివరావు వెళ్ళి డబ్బాలో మిగిలిన పీతల్ని లెక్కపెట్టాడు. మూడున్నాయి. ఎల్లుండి దాకా వస్తాయన్నాడు.

"రేపటికి కూడా రావు బావా" అన్నాడు నాంచారయ్య, అద్దం మీంచి చూపు తిప్పకుండా. "ఎలాగూ రెండు నెలలు బోటు కట్టేసుంది. రేపు ఇంకొన్ని పట్టుకొస్తా."